మే నెలలో మా షోకేసు మీద కురిసిన వాన

ఆ యేడు మే నెలలో హైదరాబాదులో ఒక్క చుక్క వాన పడలేదు. పడిందల్లా మా ముందుగదిలో పడింది. అదీ కిటికీలోంచి, ట్యాంకరు పైపుతో, డైరెక్టరు గారు ‘ఇంకొంచెం’ అన్నప్పుడల్లా ఇంకొంచెం.

అవి తొంభైల మొదటి రోజులు. జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్ వైపు దిగే రోడ్డులో, ఒక రాతిగుట్టను సగం తొలిచి కట్టిన మేడలో కింది వాటా మాది. జూబ్లీహిల్స్‌లో ఉంటున్నామని ఉత్తరం రాస్తే మా వైపు వాళ్ళు మేమేదో అయిపోయామనుకునేవారు. హిల్సు మీద ఉండేది ఇంటాయన. మేం ఆ హిల్సు కింద ఉండేవాళ్ళం. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. సాయంత్రాలు వారపత్రికలకు చిన్న చిన్న హాస్యాలు రాసేవాణ్ణి. అవి చదివి నవ్వేవాళ్ళున్నారో లేదో తెలియదుగానీ, నేను రాస్తానని తెలిసి నవ్వేవాళ్ళు మాత్రం ఆఫీసులో చాలామందే ఉండేవారు.

ఇక షోకేసు సంగతి. మా ఇంట్లో బీరువా మా మామగారు ఎంచింది. మంచం మా అమ్మ ఎంచింది. నన్ను మా ఆవిడ వాళ్ళ పెద్దమ్మ ఎంచింది. మా ఆవిడ తనంతట తాను ఎంచుకున్నది ఆ షోకేసు ఒక్కటే. మధురానగర్‌లో పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఆ సంపాదనతో, పదకొండు దుకాణాలు తిరిగి, నన్ను పదకొండింటి బయటా నిలబెట్టి, చివరికి కొనుక్కుంది. నిలువెత్తున ఉండేది. మధ్యలో టీవీకి అర, పైన అద్దాల తలుపులు, కింద రెండు సొరుగులు. టేకు చెక్కలాగే గీతలు గీతలుగా నిగనిగలాడేది.

అది టేకు కాదు, పార్టికల్ బోర్డు. ఆ మాట అప్పుడప్పుడే దుకాణాల్లోకి వస్తోంది. రంపపు పొట్టును జిగురుతో కలిపి, గట్టిగా అదిమి పలకలు చేసి, పైన టేకు బొమ్మ ఉన్న మైకా షీటు అతికిస్తారట. ఉప్మాను పళ్ళెంలో గట్టిగా అదిమి, పైన జీడిపప్పు బొమ్మ అతికించినట్టన్నమాట. ఈ పోలిక నేను దుకాణంలోనే చెప్పాను. తరవాత ఇంటికొచ్చేదాకా మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

దుకాణం వాడు ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు, నీళ్ళు తగలనివ్వొద్దని. దాన్ని ఆవిడ వైద్యుడు చెప్పిన పథ్యంలా పట్టుకుంది. తడిగుడ్డతో తుడవకూడదు. మంచినీళ్ళ గ్లాసు దాని మీద పెట్టకూడదు. తలస్నానం చేసి వచ్చిన మనిషి, అంటే నేను, జుట్టు ఆరేదాకా దానికి బారెడు దూరంలో నడవాలి. షో నాది, కేసు ఆవిడది అని నవ్వేవాణ్ణి. నవ్వేవాణ్ణి అంటే, ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు.

ఆ మే నెలలో వాళ్ళ అక్క పురిటికని మా ఆవిడ అయిదు వారాలు తెనాలి వెళ్ళింది. రైలెక్కాక కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపింది. మా ఇంటాయన మేడను అప్పుడప్పుడు షూటింగులకు ఇస్తుంటాడు. ఆవిడ భయం అదీ.

“పైన ఇస్తే ఇచ్చుకోనివ్వండి. మన గది మాత్రం ఇవ్వకండి. నా షోకేసు ఉంది.”

ఇవ్వనని చేతిలో చెయ్యి వేసి చెప్పాను. రైలు కదిలింది. నా మాట కదలడానికి మరో నాలుగు రోజులు పట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే ఇంటాయన కిందికి దిగి వచ్చాడు. పైన గదులన్నీ పాలరాతివట, ఈ సినిమాలో హీరో పేదవాడట, రెండు దినాలు జర అడ్జస్ట్ చేసుకోమన్నాడు. నేను కుదరదన్నాను. నిజంగానే అన్నాను. కానీ ఆయన వెనక ఇంకొకాయన ఉన్నాడు. నలభై దాటినవాడు, పదిహేనేళ్ళుగా అసిస్టెంటు డైరెక్టరుగానే ఉన్నవాడు. చంకలో ఒక ఆల్బమూ, ముఖంలో ఎవరినైనా బతిమాలగల ఓర్పూ ఉన్నాయి. ఆయన గదిలోకి తొంగి చూసి, షోకేసు ముందు ఆగి, చేతులు కట్టుకున్నాడు.

ఎంత సహజంగా ఉంది సార్ అన్నాడు. ఆర్టు డైరెక్టర్లు నెల రోజులు తంటాలు పడినా ఇంత మధ్యతరగతి రాదన్నాడు. మీరు రచయితట కదా, అందుకే ఇంత అభిరుచి అన్నాడు. షోకేసు ఎంచిన అభిరుచి నాది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కానీ అప్పటికే ఉబ్బి తబ్బిబ్బయిపోయి ఉన్నాను. నాకు పట్టిన ఆ ఉబ్బే రెండు రోజుల్లో షోకేసుకు అంటుకుంది.

తీసిన సీను ఇది. హీరో వానలో తడుస్తూ ఇంటికొస్తాడు. ఉద్యోగం పోయింది. తల్లికి ఆ మాట చెప్పలేక షోకేసుకు ఆనుకుని నిలబడతాడు. కిటికీ బయట చిల్లుల పైపులు కట్టారు. వీధిలో మూడు ట్యాంకర్లు నిలబెట్టారు. మా వీధికి కుళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలం అది. బిందెలు పట్టుకుని గేటు బయట నిలబడ్డ జనం, మా కిటికీ మీద కురుస్తున్న వానను చూస్తూ ఏమన్నారో ఇక్కడ రాయను. వాన నటన, మెరుపులు నటన, హీరో కన్నీళ్ళు కూడా నటనే. నీళ్ళు మాత్రం నిజమైనవి.

హీరో కొత్తవాడు. ఏడు టేకులు తిన్నాడు. టేకుకు ముందల్లా ఎవరో ఒకరు వచ్చి అతని మీద బకెట్టు కుమ్మరించేవారు. అతను మళ్ళీ వచ్చి నా భార్య షోకేసుకు ఆనుకునేవాడు. మా గది నేల కాస్త వాలు. ఆ వాలు ఎటో అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు తెలిసింది, షోకేసు వైపు. భోజనాల విరామంలో అందరూ భోంచేశారు. షోకేసు నీళ్ళు తాగింది.

మర్నాటికి కుడివైపు కింది మూల ఇడ్లీలా పొంగింది. మైకా చివర లేచి, వేలు పెట్టి చూపిస్తున్నట్టు బయటికి వంగింది. పొట్టుతో చేసినదానికి పొట్ట వచ్చింది. నేను గుండె చేత్తో పట్టుకుని డైరెక్టరు గారికి చూపించాను. ఆయన వంగి, అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. తరవాత కెమెరా వాళ్ళను పిలిచి, ఈ మూలలో పేదరికం బాగా పలుకుతోంది, దీనికి క్లోజప్ పెట్టండన్నాడు.

ఆ రోజంతా తల్లి పాత్ర వేసినావిడ ఆ మూల పక్కన కూర్చునే నటించింది. సాయంత్రానికి హీరోకు ఎక్కడికో వెళ్ళాల్సి వచ్చింది. సీను కాస్త బ్యాలెన్సు ఉంది సార్, మిగిలింది తీసేటప్పుడు కబురు చేస్తాం అని అసిస్టెంటు డైరెక్టరు గారు చెప్పి, లైట్లు సర్దించుకుని వెళ్ళిపోయారు. గదిలో నేనూ షోకేసూ మిగిలాం. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నీరుగారిపోయారో చెప్పడం కష్టం.

మా ఆవిడ రావడానికి నాలుగు వారాలుంది. ఈలోగా దాన్ని మామూలు చేసెయ్యాలి. చేసేస్తే అసలేమీ జరగనట్టే. ఇదీ నా పథకం. ఈ పథకంతోనే ఆవిడకు ఉత్తరం కూడా రాశాను. ఇక్కడ వానలు లేవు, అంతా పొడిగా ఉంది అని. అది అబద్ధం కాదు. షోకేసు కింది అంచు పొడిపొడిగానే రాలుతోంది.

మొదట నా సొంత తెలివి వాడాను. ముడతలు పడ్డ చొక్కాకు ఏం చేస్తామో ఉబ్బిన బోర్డుకూ అదే చెయ్యాలనుకుని, పైన వార్తాపత్రిక పరిచి ఇస్త్రీ పెట్టె ఆనించాను. ఉబ్బు తగ్గలేదు. మైకా మీద ఒక వార్త మాత్రం అచ్చు పడింది. అద్దంలో చూస్తే చదువుకోవచ్చు. గోధుమల ఎగుమతి గురించి. దాన్ని గోకడానికి ఒక పూట పట్టింది. ఇక సొంత తెలివి వద్దనుకుని కృష్ణానగర్ వెళ్ళాను.

కృష్ణానగర్‌లో ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా ఒక డాన్సరు, ఒక ఫైటరు, ఒక మేస్త్రి తగులుతారు. నాకు తగిలిన మేస్త్రిది యూసుఫ్‌గూడ. సినిమా సెట్లు కట్టేవాడు. రాజమహలు నాలుగు రోజుల్లో లేపి, షూటింగు కాగానే అయిదో రోజు తనే పడగొట్టేవాడు. పాతికేళ్ళుగా తను కట్టిందేదీ వారానికి మించి నిలవలేదని, ఆ మాటేదో వాతావరణం గురించి అంటున్నట్టు చెప్పాడు. నాతో పాటే నడుచుకుంటూ వచ్చి, షోకేసు చూసి, చెవి మీద పెన్సిలు తీసి, గోడలన్నీ ఒకసారి కలియజూశాడు.

“కెమెరా ఏ దిక్కు పెడ్తరు సార్?”

కెమెరా లేదని, మా ఆవిడ వస్తోందని చెప్పాను.

“గట్లనా.” ఆయన పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. “అయితే నాలుగు దిక్కుల చెయ్యాలె.”

ముందు ఆరాలన్నాడు. సొరుగులు లాగేసి, వెనక రేకు ఊడదీసి, కింద అడ్డపట్టీ తీసి, నీడలో టేబుల్ ఫ్యాను పెట్టమన్నాడు. ఎండలో పెడితే వంకర తిరుగుతదట. పన్నెండు రోజులన్నాడు. మా ఇంట్లో ఉన్నది ఒకే ఫ్యాను. ఆ మే నెలలో పన్నెండు రోజులపాటు షోకేసు హాయిగా గాలి పోసుకుంది. నేను ఆరుబయట చెమటలో తడిసి ముద్దయ్యాను. తడి ఎక్కడికీ పోదని, ఒకరిలోంచి ఒకరిలోకి మారుతుందని అప్పుడే నాకు అర్థమైంది. రోజూ పొద్దున్నే లేచి మూల మీద చెయ్యి వేసి, జ్వరం తగ్గిందా అన్నట్టు చూసేవాణ్ణి.

పదమూడో రోజు మేస్త్రి వచ్చి గోటితో గీరాడు. వదులుగా ఉన్న పొట్టంతా కత్తితో గోకి పారేశాడు. తరవాత తెల్ల జిగురు కాస్త పలచన చేసి లోపలికి ఎక్కించాలి, ఇంజెక్షను సూది తెమ్మన్నాడు. మందుల షాపాయన పెద్దసైజు సూది చేతికిస్తూ ఎవరికండీ అని అడిగాడు. షోకేసుకు అన్నాను. ఆయన చిల్లర ఇస్తూ నా చేతికి తగలకుండా బల్ల మీద పెట్టాడు.

షోకేసును పడుకోబెట్టడానికి గది చాలలేదు. మూల కింద ఇటుకలు దోపి, జిగురెక్కించి, అంటుకోకుండా ప్లాస్టిక్కు కాగితం చుట్టి, అటూ ఇటూ చెక్కలు పెట్టి, సెట్టు నుంచి తెచ్చిన ఇనుప బిగింపులతో రెండు రోజులు బిగించి ఉంచాడు. ఇడ్లీ కాస్తా అట్టయింది. ఆ తరవాత పొట్టూ జిగురూ కలిపిన ముద్దతో గుంటలు నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దాని మీద గోడలకు పూసే లప్పం పెట్టి మళ్ళీ రుద్దాడు. రుద్దడం నాకు అప్పగించాడు. మీరు రాసేటోళ్ళు గద సార్, చెయ్యి ఆడుతది అన్నాడు. రెండు సాయంత్రాలు రుద్దాను. నా రచనల్లో దేన్నీ అంత నున్నగా చెయ్యలేదు.

మైకా ఎగిరిపోయినంత మేర మేస్త్రి సన్నటి కుంచెతో టేకు గీతలు గీశాడు. నాలుగే వెంట్రుకలున్న కుంచె. ఊపిరి బిగబట్టి గీశాడు. పైన వార్నీషు రెండు పూతలు, ముందు, వెనక, రెండు పక్కలా. అంతా అయ్యాక ఇద్దరం దూరంగా నిలబడి చూశాం. ఎక్కడ ఉబ్బిందో నాకే తెలియలేదు. ఇది నిలుస్తది సార్ అన్నాడాయన. ఆ మాటే ఇంకోసారి కూడా అన్నాడు. పాతికేళ్ళలో ఆయనకు ఆ మాట అనే అవకాశం రాలేదు మరి.

ఇంక అయిదు రోజుల్లో మా ఆవిడ వస్తుంది. శుక్రవారం దిగుతానని ఉత్తరం వచ్చింది. నేను సొరుగులు సర్ది, బొమ్మలు పెట్టి, గ్లాసులు దూరంగా పెట్టి, అంతకుముందు ఎన్నడూ లేనంత అమాయకంగా ముఖం పెట్టుకోవడం సాధన చేస్తున్నాను. మంగళవారం అసిస్టెంటు డైరెక్టరు గారు ఆల్బముతో వచ్చారు. బ్యాలెన్సు గురువారం తీసేస్తాం సార్ అంటూ లోపలికి వచ్చినవాడు, షోకేసు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏం చేశారు సార్ దీన్ని?”

బాగు చేశానన్నాను, కాస్త గర్వంగానే.

“ఎవరు చెయ్యమన్నారు సార్?” అన్నాడు ఏడుపు గొంతుతో. ఆల్బము తెరిచి ఫొటో చూపించాడు. సీను ఎక్కడ ఆగిందో, ఎవరి జుట్టు ఎలా ఉందో, కుర్చీ ఎక్కడుందో గుర్తుకోసం తీసుకునే ఫొటోలవి. మధ్యలో మళ్ళీ తీసినప్పుడు అంతా అచ్చం అలాగే ఉండాలి. దాన్నే కంటిన్యుటీ అంటారు. ఆ ఫొటో నిండా మా షోకేసు కుడి మూల ఉంది. ఉబ్బి, ఊడి, మహా దైన్యంగా.

“ఆ ఉబ్బు మీద డైలాగుంది సార్.”

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. మా షోకేసును చూసి డైరెక్టరు గారికి అప్పటికప్పుడు ఆలోచన వచ్చిందట. తల్లి ఆ ఉబ్బిన మూల నిమురుతూ, మన బతుకూ ఇంతే నాన్నా, పైన నిగనిగ, లోపల పొట్టు అంటుందట. ఆ డైలాగు అప్పుడే షూట్ చేసేశారు. ఇప్పుడు తల్లి ఏడుస్తుంటే హీరో ఆ మూలకేసి చూసి కుమిలిపోవాలి. నున్నటి మూలను చూసి ఎవరైనా ఎలా కుమిలిపోతారు సార్ అని అడిగాడు. నా జీవితంలో నా సామాను గురించి రాసిన ఒకే ఒక్క సాహిత్యం అది. దాన్ని నేనే గరుకు కాగితంతో రుద్దేశాను.

నాలుగు బిందెల నీళ్ళు పోస్తే గురువారానికి మళ్ళీ ఉబ్బుతుంది కదా అని ఆయన నెమ్మదిగా మాట కదిపాడు. నేను లేచి షోకేసుకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాను. కావాలంటే నన్ను తడపండి అన్నాను. సినిమావాళ్ళ సావాసంతో నాకూ అలాంటి మాటలు వస్తున్నాయి. ఆయన ఆల్బము మూసి, సరే, దొంగ ఉబ్బు పెట్టిద్దాం, ఆర్టు డిపార్టుమెంటు మనిషిని పంపిస్తానన్నాడు.

బుధవారం ఆ మనిషి వచ్చాడు. చెవి మీద పెన్సిలు ఉంది.

మేస్త్రీ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన షోకేసు దగ్గర గొంతుక్కూర్చుని, తను గీసిన గీతల మీద ఒకసారి వేలు పోనిచ్చాడు.

“మంచిగ చేసింది నేనే. ఇప్పుడు ఖరాబు చేసేది గూడ నేనేనా?”

ఆ గొంతులో నొప్పి లేదు. పని గురించి అడుగుతున్నాడంతే. మూలకు ముందు పలచటి ప్లాస్టిక్కు కాగితం అతికించి, దాని మీద లప్పమూ పొట్టూ కలిపి దట్టంగా పెట్టి, ఫొటో చూసుకుంటూ పొంగులు తీర్చాడు. మైకా ముక్కలు గుచ్చాడు. ఈసారి కెమెరా ఎటో ఆయనకు తెలుసు, ప్రేమంతా అటే పెట్టాడు. అసలు ఉబ్బు ఇడ్లీలా ఉండేదని చెప్పాను కదా. దీన్ని చూస్తే ఆకలి వెయ్యలేదు, బెంగ వేసింది.

గురువారం పొద్దున్నే లైట్లొచ్చాయి. వాన లేదు, తడి లేదు, మధ్యాహ్నానికి అయిపోతుందన్నారు. శుక్రవారానికి ఇంకా ఒక రోజుంది. లైటు వెలుతురు హీరో ముఖం మీదికి మళ్ళించడానికి పెద్ద థర్మాకోల్ పలక పట్టుకోవాల్సిన మనిషి రాలేదు. కాస్త పట్టుకోండి సార్ అంటే పట్టుకున్నాను. అలా పట్టుకుని ఉండగా గేటు దగ్గర ఆటో ఆగింది.

శుక్రవారానికి టిక్కెట్టు దొరకలేదట. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో ఆవకాయ జాడీ. గుమ్మంలోకి వచ్చేసరికి ఆవిడకు కనిపించినవి ఇవి. గది నిండా జనం. మధ్యలో ఉబ్బి ఊడిపోయిన తన షోకేసు. దాని మూల పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్న ముక్కూ మొహం తెలియని ఆడమనిషి. మా ఆవిడ ఏడవాల్సిన ఏడుపు ఆవిడ కన్నా ముందే ఇంకెవరో ఏడ్చేస్తున్నారు. అవతల నేను, పెళ్ళినాటి తెర పట్టుకున్నట్టు తెల్లపలక పట్టుకుని. ఎవరో ఆవిడకేసి చూసి పెదవుల మీద వేలు పెట్టారు. ఆవిడ జాడీ దించకుండా అలాగే నిలబడింది. హీరో మొదటిసారి ఒక్క టేకులో కుమిలిపోయాడు. ఆ రోజు నా చెయ్యి వణికి ముఖం మీద వెలుతురు వణికిందని, అది చాలా బాగుందని తరవాత కెమెరా ఆయన అన్నాడు.

కట్ అనగానే ఆవిడ జాడీ నేల మీద పెట్టింది. నాకేసి చూడలేదు. షోకేసుకేసి నడిచింది. ఆ ముఖం చూసి మేస్త్రి గబగబా ముందుకొచ్చాడు.

“ఫికర్ చెయ్యకమ్మా. ఇది ఉత్త లప్పం. సూడు.”

ఒక చివర గోటితో లేపి, అట్టు తిరగేసినట్టు ఒక్క ఊపున మొత్తం ఊడదీశాడు. కింద మూల నిగనిగలాడుతూ ఉంది. మా ఆవిడ ఊపిరి వదిలింది. అంత పొడుగు ఊపిరి నేనెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. నాకు పడాల్సిన తిట్లు నాలుగు పడ్డాయి. గది ఇచ్చినందుకు. తల వంచుకుని తీసుకున్నాను, ఎందుకంటే చాలా చవగ్గా తేలిపోతోందని లోపల లెక్క. ఉబ్బు అంతా ఉత్తుత్తిదేనని ఆవిడ నమ్మింది. అసలు ఉబ్బును దొంగ ఉబ్బు కాపాడేసింది. ఇంత చక్కటి మలుపు నా కథల్లో ఒక్కదానిలోనూ పడలేదు. నోరు మూసుకుని ఉంటే చాలు.

ఆవిడ కాఫీ ఇచ్చి, షోకేసు ముందు కింద కూర్చుంది.

“రైల్లో అనుకుంటూనే వచ్చాను. ఈయన గది ఇచ్చేసే ఉంటారు, నా షోకేసు తగలేసే ఉంటారు అని. గది ఇచ్చారు సరే. దీన్ని మాత్రం కంటికి రెప్పలా చూసుకున్నారు. ఊరికే అనుమానపడ్డాను మిమ్మల్ని.”

తిట్లు అరిగినంత తేలిగ్గా ఆ మాట అరగలేదు. కాఫీ పక్కన పెట్టి మొత్తం చెప్పేశాను. ట్యాంకర్లు, ఏడు టేకులు, నేల వాలు, ఇస్త్రీ పెట్టె, గోధుమల ఎగుమతి, ఇంజెక్షను సూది. చెబుతుంటే ఆవిడ ముఖంలో కోపం వస్తుందని చూశాను. నవ్వు వచ్చింది.

“ఊరుకోండి. పత్రికలకు రాయండి ఇదంతా.”

నమ్మలేదు. పదేళ్ళుగా హాస్యాలు రాస్తున్నందుకు నాకు దక్కిన ఫలితం ఇది. నిజం చెబితే బాగుందంటారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, ఇదిగో ఇక్కడే ఉబ్బింది అని వేలితో చూపించాను. ఎక్కడా అంది. ఇక్కడ, కాదు, ఇక్కడ. మేస్త్రి గీసిన గీతకూ మిషను గీసిన గీతకూ తేడా నాకే దొరకలేదు. పక్కనా దొరకలేదు, వెనకా దొరకలేదు. నా తప్పును నేనే అంత శ్రద్ధగా రుద్ది పారేశాను. అరగంట వెతికాక, ఆఖరి ప్రయత్నంగా, షోకేసును కుడివైపు నుంచి పట్టుకుని ఎత్తాను. కిందికి చూడమన్నాను.

ఆవిడ చెంప నేలకు ఆనించి చూసింది. నవ్వు ఆగిపోయింది.

అడుగున ఏ పూతా లేదు. నీటి చార, చార పొడుగునా పొంగి బీటలు వారిన పొట్టు, కారి గడ్డకట్టిన జిగురు, అన్నీ ఉన్నాయక్కడ. సెట్టు మేస్త్రికి అడుగు అనేదానితో ఎప్పుడూ అవసరం పడలేదు, ఏ కెమెరా నేలలోంచి చూడదు కనక. నాకూ తోచలేదు. నీళ్ళు వచ్చిందే అటునుంచి.

“దించనా?” అన్నాను. పార్టికల్ బోర్డు చాలా బరువు.

“ఆగండి.” వేలితో చార పొడుగునా తడుముతోంది. “ఎన్నాళ్ళు ఆరబెట్టారు?”

“పన్నెండు రోజులు.”

“ఎండలోనా?”

“ఫ్యాను కింద.”

“మరి మీరెక్కడ పడుకున్నారు?”

“ఆరుబయట.”

ఆవిడ వేలు చార మీదే ఆగిపోయింది. నా భుజాలు వణకడం మొదలైంది. దించనా అని మళ్ళీ అడిగాను. వినిపించుకోలేదు.

“ఆ రోజే ఉత్తరం రాస్తే ఏమయ్యేది?”

“నీకు బాధ కలుగుతుందని...”

“నాకు బాధ కలుగుతుందనా, మీకు తిట్లు పడతాయనా?”

“రెండూ.”

“అది నా షోకేసండీ. అది పాడైతే ముందు నాకు తెలియాలి. ఇల్లు గలవాడికి తెలిసింది, మేస్త్రికి తెలిసింది, మందుల షాపాయనకు కూడా తెలిసింది. దాని కోసం ఏడవడానికి ఎవత్తెనో అద్దెకు తెచ్చారు గానీ, నాకు చెప్పలేకపోయారు.”

తప్పు ఒప్పుకోవడానికి కూడా నాకు ఊపిరి మిగల్లేదు. ఆవిడ లేచి కూర్చుని, కొంగుతో చెంపకంటిన దుమ్ము తుడుచుకుంది. కోపం ఉంది. అది ఇంకో నాలుగు రోజులు ఉంటుందని, ఆ తరవాత ఉండదని ఆ తుడుచుకోవడంలోనే తెలిసింది.

“కింద రంగు లేకపోతే రేపు ఎవరు చెంబు దొర్లించినా మళ్ళీ ఇదే గతి. వెళ్ళి ఎనామిల్ డబ్బా, కుంచె తీసుకురండి. అడుగు నేను వేస్తాను.”

“మరి నేను?”

“మీరు ఎత్తి పట్టుకోండి.”

ఆ సాయంత్రమే వేసింది. ఒక్క పూత చాలదని, రెండు పూతలు వేసింది. మధ్యలో మొదటి పూత ఆరేదాకా దించడానికి వీల్లేదు కదా.